14 ఏళ్ల ఫిగర్ స్కేటర్‌కు తుంటి ప్యాడ్ ఎంపిక: బీరువాలో మూడు జతలున్నా మానని దెబ్బ

డాలస్ శివార్లలో ఉంటున్న తెలుగు కుటుంబం. అబ్బాయికి 14 ఏళ్లు, ఎత్తు 166 సెంటీమీటర్లు, బరువు 50 కిలోలు. చిన్నప్పటి నుంచి ఐస్ మీద ఫిగర్ స్కేటింగ్ నేర్చుకుంటున్నాడు. డబుల్ ఆక్సెల్ అనే జంప్ ఒకరోజు కుదురుతుంది, మర్నాడు కుదరదు. ట్రిపుల్ సాల్కో అనే మూడు చుట్ల జంప్ ఈ మధ్యనే మొదలుపెట్టాడు. కుడి తుంటి మీద కమిలిన మచ్చ మానకముందే దానిమీద మరో దెబ్బ పడుతోందని, రాత్రిళ్లు ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నాడని తల్లి నా దగ్గరికి తీసుకొచ్చారు. ఆవిడ అడిగింది ఒక్కటే: "ఏ ప్యాడ్ కొనాలో చెప్పండి చాలు. ధర సంగతి మేం చూసుకుంటాం."

ఇంట్లో అప్పటికే మూడు జతలు ఉన్నాయి. మూడూ బీరువాలోనే ఉన్నాయి. కొత్తది చెప్పేముందు, ఉన్నవి ఎందుకు మూలపడ్డాయో తెలుసుకోవాలి కదా!

నేను క్రీడా ఫిజియోథెరపిస్టును. స్కేటర్లు, జిమ్నాస్టులు ఎక్కువగా వస్తుంటారు. ఈ కేసును అబ్బాయి, తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు తీసేశాను.

ముందు తేల్చుకోవలసినవి

తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయని మనకు సామెత ఉంది. ఎదిగే పిల్లల విషయంలో అది అంత వింత మాట కాదు. తుంటి కీలులో లోపం ఉన్నా నొప్పి మోకాలి దగ్గర తెలుస్తుంది. ఈ వయసు మగపిల్లల్లో ముఖ్యంగా భయపడవలసింది స్లిప్డ్ క్యాపిటల్ ఫిమోరల్ ఎపిఫిసిస్. తొడ ఎముక తల, కింది ఎముకతో కలిసే పెరుగుదల పొర దగ్గర పక్కకు జారిపోవడం ఇది. కుంటుతూ నడవడం, మోకాలు మడిచి తొడను పొట్టవైపు తెస్తుంటే కాలు తనంతట తాను బయటికి తిరిగిపోవడం, లోపలికి తిప్పబోతే పట్టేయడం దీని గుర్తులు. ఆలస్యమైతే కీలు జీవితాంతం బాధపెడుతుంది. ఇది లేదని తేల్చుకోకుండా ప్యాడ్ల గురించి మాట్లాడటం తప్పు.

ఈ అబ్బాయికి ఆ గుర్తులేవీ లేవు. అయినా ఎముకల వైద్యుడి దగ్గరికి పంపి, కప్పకాళ్ల భంగిమతో (మోకాళ్లు మడిచి పక్కలకు తెరిచి) సహా రెండు కోణాల్లో ఎక్స్‌రే తీయించాం. కీలు బాగుంది. కటి ఎముక అంచుల్లో ఇంకా కలిసిపోని పెరుగుదల భాగాలు ఉంటాయి. ఈ వయసులో కండరం గట్టిగా లాగితే అవి ఊడివచ్చే ప్రమాదం ఉంది. అలాంటిదీ లేదు.

మిగిలింది వాపు. కుడి తుంటి పక్కన అరచేతి వెడల్పున కమిలి, నడిమధ్య మెత్తగా ఉంది. వేళ్లతో నొక్కితే కాస్త కదిలినట్టు అనిపించింది. జారుతూ పడేవారిలో చర్మం, కొవ్వు పొర కలిసి కింది కండర పొర నుంచి విడిపోయి, మధ్యలో ద్రవం చేరడం కద్దు. దాన్ని మోరెల్ లావల్లే గాయం అంటారు. అది ఊరికే మానదు, పైగా ప్యాడ్ పెట్టి మళ్లీ పడుతూ ఉంటే పెద్దదవుతుంది. అల్ట్రాసౌండ్‌లో అది కాదని, కొవ్వు పొరలో రక్తం గడ్డకట్టిందని తేలింది. రెండు వారాలు జంప్‌లు ఆపించాం. స్పిన్లు, నడక సాధన కొనసాగించాడు.

ఈలోగా ఇంట్లో ఇంకో వైద్యం నడుస్తోందని తెలిసింది. గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మ గారు దెబ్బ తగిలిన రాత్రే ఉప్పు కాపడం పెట్టి, నువ్వుల నూనెతో గట్టిగా మర్దన చేస్తున్నారు. కొత్త దెబ్బ మీద వేడి తగిలితే లోపల రక్తం ఇంకా ఊరుతుంది. కండరంలో గడ్డకట్టిన చోట బలంగా రుద్దితే అక్కడ ఎముకలాంటి గట్టి పదార్థం పేరుకునే ప్రమాదం కూడా ఉంది. "కాపడం మానక్కర్లేదండి, నాలుగు రోజులు ఆగి, వాపు తగ్గాక పెట్టండి. మొదటి రెండు రోజులూ గుడ్డలో చుట్టిన ఐస్ చాలు" అన్నాను. "ఐస్ మీద పడ్డవాడికి మళ్లీ ఐసేనా!" అన్నారావిడ. నవ్వినా, మాట మాత్రం విన్నారు.

పడటాన్ని చూడటం

ప్యాడ్ ఎంచుకోవడానికి నాకు కావలసింది కేటలాగు కాదు, పడుతున్నప్పటి వీడియో. తల్లి ఫోనులో నెమ్మది వేగంతో తీసినవి చాలానే ఉన్నాయి.

ఈ అబ్బాయి గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాడు. ఎక్కువమంది స్కేటర్లు అంతే. అలా తిరిగేవారు కుడికాలి మీద, వెనక్కి వెళ్తూ, బ్లేడు బయటి అంచు మీద దిగుతారు. ఆ అంచు మీద నిలబడాలంటే శరీరం కొంచెం కుడివైపు వాలాలి. వాలు ఎక్కువైనా, తిరుగుడు పావువంతు తగ్గినా బ్లేడు కాలి కింద నుంచి జారిపోతుంది. అప్పుడు నేలను తాకేది కుడి తుంటి. ఆక్సెల్ ముందుకు చూస్తూ ఎగిరే ఏకైక జంప్. అందువల్ల మిగతా వాటికంటే అర చుట్టు అదనం. డబుల్ ఆక్సెల్ అంటే రెండున్నర చుట్లు. ఆ చివరి అర చుట్టు దగ్గరే వీడు తడబడుతున్నాడు. ఒక్క పాఠంలో 20 సార్లకు పైగా పడిన రోజులున్నాయి.

వీడియోలను ఆపి ఆపి చూస్తే ఒక సంగతి బయటపడింది. అతను పక్కకు పడుతున్నాడని అందరూ అనుకుంటున్నారు. నిజానికి నేలను ముందు తాకుతున్నది తుంటి పక్కభాగం కాదు, దానికి కొంచెం వెనక, పిరుదు మొదలయ్యే చోటు. అక్కడి నుంచి దొర్లుతూ ఎముక పొడుచుకువచ్చిన పక్కభాగం మీదికి వస్తున్నాడు.

ఆ తాకిడి ఎంతటిదో అంచనా వేయడం కష్టం కాదు. మోకాళ్లు వంచి దిగుతున్నప్పుడు తుంటి నేలకు సుమారు అర మీటరు ఎత్తులో ఉంటుంది. అక్కడ నుంచి కాలు జారితే సెకనుకు 3 మీటర్ల పైచిలుకు వేగంతో నేలను తాకుతుంది. ఒక సెంటీమీటరు దూరంలో ఆగితే, ఆగే క్షణంలో సగటున గురుత్వ త్వరణానికి 50 రెట్లు పడుతుంది. రెండు సెంటీమీటర్లలో ఆగితే 25 రెట్లు. ప్యాడ్ ఇచ్చేది ఆ అదనపు సెంటీమీటరే. అయితే 15 మిల్లీమీటర్ల ప్యాడ్ 15 మిల్లీమీటర్లూ నొక్కుకుపోదు. మరీ మెత్తనిదైతే తేలిగ్గా అడుగంటిపోయి, ఆ తర్వాత ప్యాడ్ లేనట్టే దెబ్బ తగులుతుంది. చేత్తో నొక్కి "భలే మెత్తగా ఉంది" అని కొనేవన్నీ ఈ కోవలోకి వస్తాయి.

మనిషి ఒంటి కండ కూడా ప్యాడే. తొడ ఎముక పైన పక్కకు పొడుచుకువచ్చే గ్రేటర్ ట్రోకాంటర్ మీద ఎంత కొవ్వు, కండ ఉంటే ఎముకకు చేరే బలం అంత తగ్గుతుంది. ఈ వయసు మగపిల్లలు ఒక్కసారిగా పొడవు సాగుతారు, ఒంటికి కండ తర్వాత పడుతుంది. వీడికి ట్రోకాంటర్ మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుంటే పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

బీరువాలోని మూడు జతలు

మొదటిది జెల్ ప్యాడ్ల జత. అమ్మాయిలు ఒంటికి అతుక్కునే టైట్స్ లోపల దోపుకునే రకం. టైట్స్ వాటిని కదలనివ్వవు. ఈ ఆటలో అమ్మాయిలే ఎక్కువ కాబట్టి అంగడిలో దొరికే సరుకు వారి కొలతలకు, వారి దుస్తులకు తయారైనదే. మగపిల్లలు వేసుకునేది ప్యాంటు. సాధనలో అది కొంచెం వదులుగా ఉంటుంది. రెండు జంప్‌లు కాగానే జెల్ ముక్క తొడ మీదికి దిగేది.

రెండోది ఐస్ హాకీ ఆటగాళ్లు వేసుకునే రక్షణ నిక్కరు. దెబ్బ ఆపడంలో దానికి వంక లేదు. కానీ స్కేటర్ దిగగానే ఎడమకాలిని వెనక్కి చాపాలి. ఆ నిక్కరులో తొడ వెనక్కి పోదు. గాలిలో కాళ్లు పెనవేసుకునేటప్పుడు లోపలి అంచులు ఒకదానికొకటి రాసుకుంటాయి. కోచ్ ఒక్కరోజు చూసి తీయించారు.

మూడోది మంచు కొండల మీద స్నోబోర్డు ఆడేవారి కోసం చేసిన మందపాటి ఫోమ్ షార్ట్స్. వెన్ను చివరి తోక ఎముకకు బాగా పనికొస్తాయి. వెనక్కి కూలబడే కొత్త స్కేటర్లకు నేనూ చెబుతాను. ఇవి సరిపోవాలి కదా, ఎందుకు వేసుకోవడం లేదని అడిగితే అబ్బాయి తల్లి వైపు చూసి ఊరుకున్నాడు.

ఆవిడను కాసేపు బయట కూర్చోమన్నాను. అప్పుడు చెప్పాడు. "ఆంటీ, ముందువైపు బాగా నొక్కేస్తుంది. లోపల డ్యాన్స్ బెల్ట్ ఉంటుంది కదా, దానిమీద ఇది. అమ్మకు ఎలా చెప్పను?"

డ్యాన్స్ బెల్ట్ అంటే బాలే, స్కేటింగ్ చేసే మగవారు లోపల వేసుకునే బిగుతు లోదుస్తు. దాని నడుము పట్టీ, పైన ప్యాడ్ షార్ట్స్ పట్టీ, ఆపైన ప్యాంటు పట్టీ, మూడూ కటి ఎముక ముందు మొన మీదే పడుతున్నాయి. ముందు కుట్టు అమ్మాయిల కొలతకు ఉంది. పిల్లవాడు సిగ్గుపడి ప్యాడ్ మానేశాడు, పెద్దవాళ్లు నిర్లక్ష్యం అనుకున్నారు. మగ స్కేటర్లను చూసేవారు ఈ ప్రశ్న తామే అడగాలి, ఒంటరిగా అడగాలి. వాళ్లంతట వాళ్లు చెప్పరు.

తుంటి రక్షణ గురించి గట్టి పరిశోధన జరిగింది స్కేటర్ల మీద కాదు, వృద్ధుల మీద. 1993లో కోపెన్‌హాగన్ వృద్ధాశ్రమంలో జరిగిన అధ్యయనం ప్రసిద్ధం. తుంటి కవచాలు ఇచ్చిన వారిలో తుంటి విరగడం బాగా తగ్గింది. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాల్లో ఫలితాలు అంత గొప్పగా లేవు. ముఖ్య కారణాల్లో ఒకటి, ఇచ్చినవాటిని చాలామంది వేసుకోకపోవడం. 80 ఏళ్ల డేనిష్ అవ్వలకూ, 14 ఏళ్ల తెలుగు కుర్రాడికీ ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

కాటుక పరీక్ష

ఆ కవచాలది రెండు పద్ధతుల పని. ఒకటి తాకిడిని తనలో ఇముడ్చుకోవడం. రెండోది, గుర్రపు లాడం ఆకారంలో ఉండి, ఎముక మొన మీద పడే బలాన్ని చుట్టూ ఉన్న కండ మీదికి మళ్లించడం. రెండో పద్ధతి నాకు నచ్చుతుంది, కాని చుట్టూ కండ ఉండాలి. ఈ అబ్బాయికి ముందువైపు లేదు, వెనక పిరుదు కండరం బలంగా ఉంది. కాబట్టి బలాన్ని వెనక్కి మళ్లించాలి.

ఎంత వెనక్కి? దీనికి కొలత పట్టీ పనికిరాదు. నిలబడినప్పుడు ట్రోకాంటర్ మీద సరిగ్గా ఉన్న బట్ట, మోకాలు వంచి కూలబడేసరికి అక్కడ ఉండదు. తల్లి చేతిసంచిలోని కాటుక పెన్సిల్ అడిగి తీసుకున్నాను. అబ్బాయి కాలును లోపలికి, బయటికి తిప్పుతూ చర్మం కింద దొర్లే ఎముక మొనను వేలితో పట్టుకుని, దాని చుట్టూ మందంగా సున్నా చుట్టాను. పైన పాత తెల్ల షార్ట్స్ వేయించి, జిమ్ పరుపు మీద జంప్ నుంచి దిగి పడినట్టు నెమ్మదిగా పడమన్నాను. బట్ట లోపల అంటిన నల్లటి మరకే ఎముక ఆ క్షణంలో ఎక్కడుందో సుమారుగా చెప్పేసింది. బట్టకు బయట, నేలను తాకిన చోట సుద్ద ముక్క పొడి అంటేలా చేశాను. కాటుక మరకకూ, సుద్ద మరకకూ మధ్య నాలుగు వేళ్ల దూరం ఉంది. అంగడి షార్ట్స్‌లో ప్యాడ్ మధ్యభాగం ఈ రెండింటికీ ముందుంది. అంటే వీడు ఇన్నాళ్లూ ప్యాడ్ వెనక అంచు మీద పడుతున్నాడు.

పదార్థం విషయంలో ఎక్కువ ఆలోచించలేదు. డి3ఓ, పోరాన్ ఎక్స్ఆర్‌డి వంటి రక్షణ పదార్థాలు మామూలుగా మెత్తగా వంగుతూ, దెబ్బ తగిలిన క్షణంలో గట్టిపడతాయి. మొక్కజొన్న పిండిని చిక్కగా నీళ్లలో కలిపి మెల్లగా వేలు పెడితే దిగుతుంది, గుద్దితే దిగదు, అలాగన్నమాట. పలుచగా ఉండి పని చేస్తాయి కాబట్టి ప్యాంటు కింద కనబడవు. ఒక్కటే చిక్కు, చలికి బిగుసుకుంటాయి. స్కేటింగ్ చేసే ఐస్ రింకులో గాలి చల్లగా ఉంటుంది. అందుకని అలాంటి పొరను ఒంటివైపు పెట్టి, బయటివైపు మూసిన గదుల ఫోమ్ (లోపలి గాలి బుడగలు ఒకదానితో ఒకటి కలవనిది) పెట్టాలి. ఒంటి వేడి దాన్ని మెత్తగా ఉంచుతుంది.

చివరికి చేసింది ఇది. జేబులున్న మగపిల్లల కొలత షార్ట్స్ తీసుకుని, కుడి జేబును విప్పి వెనక్కి జరిపి కుట్టించాం. అందులో లోపల 6 మిల్లీమీటర్ల గట్టిపడే పొర, బయట 10 మిల్లీమీటర్ల ఫోమ్, నీటిబొట్టు ఆకారంలో కత్తిరించి, సన్నని కొన ముందుకు, వెడల్పు భాగం పిరుదు మీదికి వచ్చేలా అమర్చాం. అంచులు ఏటవాలుగా చెక్కాం, లేకపోతే ఆ అంచే కొత్త మచ్చ వేస్తుంది. ఎడమవైపు, తోక ఎముక దగ్గర పలుచని ఫోమ్ మాత్రమే. నడుము పట్టీ పూర్తిగా తీసేసి, షార్ట్స్‌ను డ్యాన్స్ బెల్ట్‌కు నాలుగు చోట్ల గుండీలతో తగిలించాం. గుండీల ఆలోచన అబ్బాయిదే.

కోచ్ అభ్యంతరం ఒకటే: ఒకవైపు బరువు ఎక్కువైతే గాలిలో తిరుగుడు చెడుతుందని. ఇంటర్ ఫిజిక్స్‌లోని జడత్వ భ్రామకం, అంటే తిరుగుడులో మార్పును ఎదిరించే గుణం, మళ్లీ బయటికి తీశాను. అదనపు బరువు 150 గ్రాములు అనుకున్నా, తిరిగే ఇరుసుకు 17 సెంటీమీటర్ల దూరంలో ఉంది. చేతులు ముడుచుకున్న శరీరపు మొత్తం జడత్వ భ్రామకంలో అది ఒక శాతం కూడా కాదు. ఇబ్బంది పెట్టేది బరువు కాదు, తొడల మధ్య రాపిడి, తొడ వెనక్కి పోకుండా ఆపే మందం. ఆ రెండు చోట్లా ఏమీ పెట్టలేదు. ఒక వారం వాడి చూశాక కోచ్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత జరిగింది

మచ్చ నెల తిరిగేసరికి పసుపు రంగుకు దిగి మానింది. ఆ చోట కొత్తది రాలేదు. రాత్రి కుడివైపు తిరిగి పడుకుంటున్నాడు. నొప్పి పదికి ఆరు అని చెప్పినవాడు రెండుకు వచ్చాడు.

ఇక్కడితో ఆపితే మంచి కేసు అయ్యేది. కాని తర్వాత కుడి మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది. కారణం వెతికితే ప్యాడే. ఇదివరకు తుంటి మండిపోయి మధ్యలోనే ఆపేసేవాడు. ఇప్పుడు నొప్పి లేదు కాబట్టి రెట్టింపు జంప్‌లు వేస్తున్నాడు. దిగిన ప్రతిసారీ శరీర బరువుకు కొన్ని రెట్ల బలం ఆ ఒక్క కాలి మీదే పడుతుంది, దానికి ప్యాడ్ లేదు. తుంటి నొప్పి అన్నాళ్లూ తెలియకుండానే మోకాలికి కాపలా కాసింది. ప్యాడ్ ఇచ్చేవారు దానితోపాటే జంప్‌ల పరిమితి కూడా ఇవ్వాలని ఇప్పుడు నేను పట్టుబడుతున్నాను. కోచ్‌తో కూర్చుని రోజుకు ఎన్ని రెండున్నర, మూడు చుట్ల జంప్‌లు వేయవచ్చో రాసిపెట్టాం. పడినవి కూడా లెక్కలోకే వస్తాయి. మరికొన్ని ప్రయత్నాలు కోచ్ పట్టుకునే కర్ర, నడుము పట్టీల సాయంతో గాలిలో చేస్తాడు. ఆ పట్టీ సరిగ్గా ప్యాడ్ పైఅంచు మీద పడుతోంది కాబట్టి ఆ సాధనలో ప్యాడ్ తీసేయమన్నాం, అప్పుడు ఎలాగూ పడడు.

ఈ పరిమితిని పిల్లల చేత పాటింపజేయడం ఇప్పుడు ఇంకా కష్టం. 1988లో కెనడా స్కేటర్ కర్ట్ బ్రౌనింగ్, పోటీలో అధికారిక గుర్తింపు పొందిన మొదటి నాలుగు చుట్ల జంప్ వేసినప్పుడు అది అద్భుతం. 2022లో అమెరికా స్కేటర్ ఇలియా మాలినిన్ నాలుగున్నర చుట్ల ఆక్సెల్ కూడా వేసేశాడు. ఈ అబ్బాయి ఫోను నిండా ఆ వీడియోలే.

పోటీ రోజున ఏం చేయాలన్నది తల్లి ప్రశ్న. పడితే మార్కు కోత ఎలాగూ ఉంది, ఆ ఒక్క పతనానికి ప్యాడ్ అవసరం లేదు. పోటీ ప్యాంటు ఒంటికి అతుక్కుని ఉంటుంది, మందం కనిపిస్తుంది. అయితే నెలల తరబడి ప్యాడ్‌తో దిగినవాడు ఒక్కసారిగా తీసేస్తే ఒళ్లు తేడా పసిగడుతుంది. అందుకే పోటీకి ముందు రెండు వారాలు పాట మొత్తం చేసే సాధనల్లో లోపలి 6 మిల్లీమీటర్ల పొర మాత్రమే ఉంచాం. చివరి మూడు రోజులు అదీ లేదు.

సంరక్షణ గురించి రెండు మాటలు. టెక్సాస్ వేసవిలో ప్యాడ్లను కారు డిక్కీలో వదిలేస్తే జిగురు కరిగి పొరలు విడిపోతాయి. చెమట పట్టిన షార్ట్స్ మడతపెట్టి సంచిలో పెడితే గజ్జల్లో కురుపులు వస్తాయి, వీడికి ఒకసారి వచ్చాయి కూడా. ప్యాడ్ తీసి, బట్ట ఉతికి, రెండింటినీ విడిగా ఆరబెట్టాలి. బొటనవేలితో ఫోమ్‌ను నొక్కి వదిలితే గుంట నిలిచిపోతున్నప్పుడు దాని పని అయిపోయినట్టే.

హైదరాబాద్, విశాఖపట్నాల్లో రోలర్ స్కేటింగ్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు ఇదే ప్యాడ్ కావాలని అడుగుతుంటారు. వద్దంటాను. ఐస్ మీద పడితే మనిషి జారిపోతాడు, వేగంలో కొంత అలా ఖర్చవుతుంది. సిమెంటు మీద జారడు, చర్మం ఒరుసుకుపోతుంది. అక్కడ ముందు కావలసినవి మోకాలి, మోచేతి, మణికట్టు కవచాలు, గట్టి బట్ట.

అబ్బాయి ఈలోగా మూడు సెంటీమీటర్లు పెరిగాడు. ట్రిపుల్ టో లూప్ అనే మరో మూడు చుట్ల జంప్ మొదలుపెట్టాడు. అందులో తిరుగుడు పూర్తికాకముందే దిగి, ఎడమవైపుకు, కొంచెం ముందుకు పడుతున్నాడు. కాటుక పరీక్ష మళ్లీ చేస్తే మరక ఎడమ కటి ఎముక అంచు దగ్గర పడింది. ఇప్పటి షార్ట్స్‌లో అక్కడ జేబు లేదు. తల్లి బట్ట కత్తిరించి ఉంచారు. అక్కడ ఎముక అంచు ఇంకా పెరుగుతున్నదే కాబట్టి మందం నిర్ణయించేముందు ఎముకల వైద్యుడికి ఒకసారి చూపించమన్నాను.